తట్టెడు సామాను

తిరుపతి ఆ మాట చెప్పినప్పుడు నా చేతిలో చాట ఉంది. మరుక్షణం లేదు. బియ్యం వాకిలి నిండా చల్లుకుపోయాయి. కోళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఉరికొచ్చాయి.

"పడవల మీదనా? రెండు దినాలా?" అన్నాను.

"రెండు దినాలు. ఇక్కడికెళ్ళి ఏటూరునాగారం దాక. రేవు రేవుకు ఆగుడు, వండుడు, ఆ ఊరోళ్ళతోని కూసోని తినుడు. మల్ల అదే పడవల వాపసు."

"గోదావరి మీద వంటావార్పా!"

"మల్ల? మన ఊరికి రోడ్డేది? రోడ్డు మీద కూసుంటె ఆపెతందుకు బర్లు తప్ప ఏమొస్తయి? గోదారే మన రోడ్డు అన్నరు పెద్దమనుషులు. ముందు ఆ బియ్యం ఎత్తు, అమ్మ సూస్తది."

నేను బియ్యం ఎత్తలేదు. ముందు గిర్రున ఒక చుట్టు తిరిగాను, తర్వాత ఎత్తాను.

మాది కొడకండ్ల. మా దగ్గర నీళ్ళంటే బోరు. ఎవరి చెలకలోనైనా కొత్త బోరుకు నీళ్ళు పడితే వాడంతా చూడ్డానికి పోతాం, చెప్పులు విప్పి ఆ బురదలో నిలబడతాం. అట్లాంటి దాన్ని, శ్రావణంలో పెళ్ళి చేసుకొని, భూపాలపల్లి అవతల అడవి దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ఇంటికి వచ్చాను. పొద్దున పళ్ళు తోముకుంటూ తలెత్తితే అవతలి ఒడ్డు కనపడదు. గోదావరిని ఇక్కడ గంగ అని కూడా అంటారు. "ఇన్ని నీళ్ళు ఎవలియి?" అని మొదటి రోజు తిరుపతిని అడిగాను. ఆ మాట ఆయన ఇప్పటికీ ఊళ్ళో అందరికీ చెప్పి నవ్వుతాడు. అత్తమ్మ ముందు ఆయన్ని "ఇగో" అని పిలుస్తాను గానీ, మనసులో ఎప్పుడూ పేరే.

తిరుపతి భూపాలపల్లిలో బడిపంతులు. సకల జనుల సమ్మె మొదలై బడులు మూతపడ్డాయి. బస్సులు కదలడం లేదు, గనుల్లో బొగ్గు లేవడం లేదు. అద్దె గదికి తాళం వేసి ఇద్దరం బండి మీద ఊరికి వచ్చేశాం. జనగామలో హైవే మీద వంటావార్పు చేస్తే మా అమ్మ కూడా పోయి వంకాయ కూర వండిందట. ఫోన్లో ఆమె గొంతు వింటే పెళ్ళి నాడు కూడా అంత సంబరం లేదనిపించింది. తెలంగాణ కోసం అందరూ కష్టపడుతున్నారు, నేనూ సభలకు పోతున్నాను, గొంతు పోయేదాకా నినాదాలు ఇస్తున్నాను. అయినా, కొత్త పెళ్ళికూతురికి మొగడు పొద్దస్తమానం ఇంట్లోనే ఉండే ఉద్యమం ఏ దేశంలోనైనా జరిగిందా అని లోలోపల మురుసుకుంటూనే ఉన్నాను.

పోయేవి రెండు పడవలు. ఒకటి మా మామ బక్కయ్యది. రెండోది సారయ్యది. సారయ్య మా అత్తమ్మ యాకమ్మకు సొంత తమ్ముడు, అంటే మామకు బామ్మర్ది, వరుసకు నాకు చిన్నాయిన. రెండు పడవలకూ ఒకే రకం ఆయిలింజన్లు. ఎండకాలంలో మిర్చి తోటలకు నీళ్ళు తోడే ఇంజన్లే అవి. వానకాలంలో పడవ మీదికి ఎక్కించి, వెనక పొడుగు రాడ్డు, దాని చివర నీళ్ళు కొట్టే ఫంకా బిగిస్తారు. బావ, బామ్మర్ది ఇద్దరూ ఒక్క రోజే, ఒక్క దుకాణంలోనే కొన్నారు. ఆ రోజు నుంచి ఎవరి ఇంజన్ మంచిదో తేలలేదు.

సారయ్య పడవలో మైకు సెట్టు, పాటగాళ్ళు, ఆయన భార్య చిన్నమ్మ, వాళ్ళ వంట గంజులు. కాలు పెట్టడానికి సందు లేదు. మా పడవలో చుక్కాని దగ్గర మామ, ఇంజన్ దగ్గర తిరుపతి, వంటకు అత్తమ్మ, డప్పు కొట్టడానికి భిక్షపతన్న. ఇంకా ఎక్కించాల్సిన బియ్యం సంచులు, కట్టెలు, డీజిల్ డబ్బాలు. ఇవన్నీ పోను నడుమ ఒక మనిషి కూర్చునేంత జాగ మిగులుతుంది. ఆ జాగ నాదే అనుకొని నేను పోయి చూసుకొని వచ్చాను. ఆ జాగలో పెట్టె ఉంది.

మామ స్పేర్ సామాను పెట్టె అది. టేకు చెక్కది. లేపాలంటే ఇద్దరు కావాలి, ఇద్దరూ మూలగాలి.

"మామా, నేను గూడ వస్త," అన్నాను సాయంత్రం చాయ్ ఇస్తూ.

"రా బిడ్డా, రేవు దాక రా. జెండా ఊపు."

"రేవు దాక గాదు. పడవల."

మామ చాయ్ ఊదుకున్నాడు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో లెక్క వేస్తున్నట్టు ఉంటాడు. "పడవకు తారు గీత గీసిన. నీళ్ళు ఆ గీత దాటొద్దు. నువ్వెక్కితె దాటుతది."

"పెట్టె దించితె?"

చాయ్ గ్లాసు గాలిలోనే ఆగిపోయింది. లోపల రొట్టెలు చేస్తున్న అత్తమ్మ చేతుల చప్పుడు కూడా ఆగింది.

"పెట్టె దించాల్నా?" అన్నాడు మామ. "పోయేటప్పుడు వాలు. నీళ్ళే తీస్కపోతయి. వచ్చేటప్పుడు ఎదురు నీళ్ళు, ఒక దిక్కు రాళ్ళు, ఒక దిక్కు అడవి. అక్కడ ఇంజన్ ఆగితె దుకాణం యాడుంది? మెకానిక్ యాడుండు? ఆ పెట్టె నా పానం బిడ్డా."

"పెండ్లాన్ని గూడ ఎన్నడు పానం అనలె," అంది అత్తమ్మ లోపల నుంచి.

"నువ్వు ఆగిపోవు గద, అందుకే అనలె."

నేను పట్టు వదల్లేదు. మొహం చిన్నది చేసి, కాళ్ళు వత్తుతా అని బెదిరించి, అత్తమ్మతో చెప్పించి, చివరికి ఒక మాట రాబట్టాను. మామ గోడకు ఆనించి ఉన్న మన్ను మోసే వెదురు తట్టను తెచ్చి నా ముందు పెట్టాడు.

"పెట్టెల సామాను ఈ తట్టల పట్టేటట్టు జెయ్యి. పడితె ఎక్కు. పట్టకపోతె జెండా ఊపు. కని ఒక్కటి, నేను ఒప్పుకోకుంట ఏదీ బయట పెట్టొద్దు."

తెల్లారి వాకిట్లో పాత దుప్పటి పరిచి పెట్టె బోర్లించాం. సామాను ఒక గుట్ట అయింది. డీజిల్, గ్రీజు వాసన. నాకు ఆ వాసన కూడా నచ్చింది. గుట్టకు ఒక దిక్కు నేను తట్ట పట్టుకొని, ఇంకో దిక్కు మామ చేతులు కట్టుకొని కూర్చున్నాం. తిరుపతి నడుమ.

"నువ్వు ఎవల దిక్కు?" అని అడిగాను ఆయన్ని.

"నేను ఇంజన్ దిక్కు," అన్నాడు. మామ చూడనప్పుడు కన్ను కొట్టాడు.

చిన్నవన్నీ ముందు తట్టలోకి పోయాయి. వాటికి పేచీ లేదు. నాజిల్, అంటే ఇంజన్ లోపలికి డీజిల్ చిమ్మేది. ఫిల్టర్, వాల్వు స్ప్రింగులు, రకరకాల నట్లు, రాగి వాషర్లు. వాషర్లు ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒకటి తుడిచి కాలి వేలికి పెట్టుకున్నాను. మెట్టె పక్కన ఎర్రగా మెరిసింది. "సూడు, ఎంత మంచిగున్నదో," అని తిరుపతికి కాలు చాచి చూపించాను. మామ గట్టిగా దగ్గాడు. తీసి తట్టలో వేశాను.

తర్వాత పొగ గొట్టం తీశాను. నా చెయ్యంత పొడుగు, బరువుకు భుజం వంగింది.

"ఇది ఎందుకు మామా?"

"ఒకపాలి పుష్కరాలప్పుడు, పడవ నిండ జనం. నడి గంగల ఉన్న గొట్టం ఊడి నీళ్ళల్ల పడ్డది. గా చప్పుడు సూడాలె. డామ్ డామ్ డామ్ అని, ఒడ్డున ఎడ్లు తాళ్ళు తెంపుకున్నయి."

"మరి ఎట్ల వచ్చినవ్?"

"ఎట్లేంది? చెవులల్ల బట్ట పెట్టుకొని వచ్చినం."

"అంటే అది లేకున్నా ఇల్లు చేరినవ్."

మామ గొట్టాన్ని నా చేతిలో నుంచి తీసుకొని కింద పెట్టాడు. "చేరిన."

పొగ గొట్టం బయటికి పోయింది. నాకు ఉపాయం దొరికింది. ఆ పెట్టెలో ఉన్న ప్రతి సామానుకూ ఒక కథ ఉంది. అది చెడిపోయిన రోజు కథ. ప్రతి కథ చివర మా మామ క్షేమంగా ఇంట్లో కూర్చొని అన్నం తింటూ ఉంటాడు.

"ఈ టాంకి?"

"పాత టాంకికి బొక్క పడ్డది. డీజిల్ అంత కారిపోతాంది."

"ఎట్ల వచ్చినవ్?"

"మీ అత్త బట్టల సబ్బు మెత్తగ పిసికి పెట్టిన," అన్నాడు. అన్నాక నా మొహం చూశాడు. "వద్దు, నువ్వేం అనకు. టాంకి తీసెయ్యి. సబ్బు వేస్కో."

"ఈ గొలుసు?"

"మోకు తాడు ఉంది గద, తియ్యి."

"ఇదేంది? జాకీయా? లారీ జాకీ! మామా, నడి గంగల జాకీ దేనికి ఆనిస్తవ్?"

తిరుపతి నవ్వు ఆపుకోలేక లేచి బాయి దిక్కు పోయాడు. మామ ఆ జాకీని చేతిలోకి తీసుకొని ప్రేమగా తుడిచాడు. "ఉంటే ఒక ధైర్నం," అన్నాడు మెల్లగా. నాకు ఆయన మీద ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను. అయినా జాకీ బయటికే పోయింది.

రెండో ఫంకాను మాత్రం నేనే ఉంచాను. వచ్చేటప్పుడు రాళ్ళు ఉన్నాయన్నాడు కదా, రాయి తగిలితే ముందు విరిగేది ఫంకా రెక్కే. ఆ మాట చెప్తే మామ నా వైపు మొదటిసారి మెచ్చుకోలుగా చూశాడు. "కొడకండ్లల ఫంకలు సీలింగుకే ఉంటయనుకున్న," అన్నాడు. ఫంకా తట్టలో ఒద్దికగా కూర్చుంది. మధ్యాహ్నానికి గుట్ట అంతా అటో ఇటో తేలిపోయింది. తట్ట నిండా ఉంది, పైన నాలుగు వేళ్ళ జాగ ఉంది. దుప్పటి మీద ఒక్కటే మిగిలింది.

హెడ్డు. ఇంజన్ పైన కూర్చునే పోత ఇనుప దిమ్మె. అది ఒక్కటే తట్ట నింపుతుంది, తట్ట అడుగు ఊడదీస్తుంది.

"దీని కథ చెప్పు మామా," అన్నాను, గెలిచేసినట్టే.

మామ గోడ దిక్కు చూశాడు. తిరుపతి కూడా గోడ దిక్కు చూశాడు. అత్తమ్మే వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆ కథ నీకు తెలుసు బిడ్డా. నీ పెండ్లిల నా తమ్ముడు చెప్పిండు సూడు."

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళి భోజనాల్లో సారయ్య చిన్నాయిన నిలబడి చెప్పిన కథ. మా బావ ఇంజన్ హెడ్డు పగిలి నడి గంగల కొట్టుకపోతుంటే, నేను తాడు కట్టి, బర్రె దూడను గుంజుకచ్చినట్టు గుంజుకచ్చిన అని. పందిరి మొత్తం నవ్వింది. నేను కూడా, తలంబ్రాలు జుట్టులో నుంచి రాలుతుండగా, పగలబడి నవ్వాను.

"ఎట్ల వచ్చినవ్ అని అడగవేంది?" అన్నాడు మామ. "రాలె. నేనై నేను రాలేదు. మూడేండ్ల సంది ప్రతి పెండ్లిల, ప్రతి సావుల ఆ తాడు కథే. హెడ్డు లేకుంట నేను గంగల అడుగు పెట్ట."

ఊరుకోవడం నాకు ఎక్కువసేపు చేతకాదు. "మామా, రెండు ఇంజన్లు ఒక్క తీరుయే గద. చిన్నాయిన పడవల ఒక హెడ్డు ఉన్నదట. మనం కలిసే పోతున్నం. ఆయనది ఉంటే మనది ఉన్నట్టే."

"వాని దగ్గర ఉంటె నా దగ్గర ఉన్నట్టు ఎట్లయితది?" మామ లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు గానీ, ఇక మాట లేదని తెలిసింది. "అడగాలె గద? నడి గంగల చెయ్యి సాపాలె గద? వాడు ఇస్తడు. ఇచ్చి ఇంకో కథ కట్టుకుంటడు."

హెడ్డు పెట్టెలోకి పోయింది. దానితోపాటు జాకీ, నిండిన తట్ట తట్టగానే పోయాయి. మూత పడింది. నేను జెండా ఊపే మనిషినే అయ్యాను.

ఆ సాయంత్రం తిరుపతి అడవి అంచు నుంచి సీతాఫలాలు తెచ్చాడు. ఇద్దరం మెట్ల మీద కూర్చొని తిన్నాం. గింజలు ఎవరు దూరం ఊస్తారో పందెం వేశాడు. నేను గెలిచాను, అయినా మొహం వెలగలేదట.

"నేను గూడ ఆగిపోత," అన్నాడు.

"నువ్వాగితె ఇంజన్ ఎవలు నడుపుతరు? పో. వచ్చినంక ఒక్కొక్క రేవు గురించి చెప్పాలె. ఏం కూర వండిన్రో గూడ చెప్పాలె."

"చెప్త," అన్నాడు. చెప్పేది వేరు, చూసేది వేరు అని ఇద్దరికీ తెలుసు.

పొద్దున రేవు దగ్గర ఊరు ఊరంతా ఉంది. పడవలకు జెండాలు, బంతిపూల దండలు. భిక్షపతన్న గడ్డి మంట మీద డప్పు కాస్తున్నాడు. సారయ్య పడవలో మైకు "హలో, హలో" అంటూ ఊరిని లేపుతోంది. ఆయన పొట్టిగా, గుండ్రంగా, తలకు కండువా చుట్టుకొని పెళ్ళికొడుకులా ఉన్నాడు. నేను ఒడ్డున జెండా పట్టుకొని, ఏడుపు రాకుండా గట్టిగా నినాదాలు ఇస్తున్నాను.

"ఇంజన్ కొట్టు," అన్నాడు మామ చుక్కాని పట్టుకొని.

తిరుపతి వంగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. లేచి నిలబడ్డాడు. "బాపూ, హ్యాండిల్?"

ఆయిలింజన్ దానంతట అది లేవదు. ఇనుప హ్యాండిల్ తగిలించి, చేత్తో గిరగిరా తిప్పాలి. అందుకే ఇక్కడ ఇంజన్ ఉన్నవాళ్ళందరికీ ఒక అలవాటు. ఇంజన్ను పొలంలోనో పడవలోనో వదిలేసినా, పొద్దు గూకగానే హ్యాండిల్ పీకి ఇంటికి తెచ్చి దాస్తారు. హ్యాండిల్ లేని ఇంజన్ను దొంగ ఏం చేసుకుంటాడు? దాచిన చోటు పెళ్ళాం పిల్లలకు కూడా చెప్పరు.

మామ మొహం తెల్లబోయింది. "నిన్న పొద్దుగూకంగ పీకిన. ఊరి నిండ కొత్తోళ్ళు వచ్చిన్రని జాగ మార్చిన. కొట్టంల తవుడు సంచిల పెట్టిన."

తిరుపతి ఇంటికి ఉరికాడు. వెనకాల నేనూ ఉరికాను. తవుడు సంచి నేల మీద బోర్లించాం. బర్రె ఆనందంగా మూతి పెట్టింది. సంచిలో తవుడు తప్ప ఏమీ లేదు. గడ్డివాము గెలికాం, నీళ్ళ గోలేలు చూశాం, మంచం కింద చూశాం. ఒట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి రేవు మొత్తానికి సంగతి తెలిసిపోయింది. ఎందుకంటే సారయ్య మైకు అందుకున్నాడు.

"హలో, హలో. మా బావ తన ఇంజన్ హ్యాండిల్ తనకే దొరకకుంట దాసిండు. ఇంత జాగర్త గల్ల మనిషి జిల్లా మొత్తంల లేడు!"

రేవు ఘొల్లుమంది. మామ కదలకుండా నిలబడ్డాడు. ఆ పెట్టెలో లారీ జాకీ ఉంది, రెండో హెడ్డు ఉంది, సబ్బు కూడా ఉంది. హ్యాండిల్ లేదు.

"అయిందా?" అంది అత్తమ్మ తమ్ముడితో. "నీ హ్యాండిల్ ఇయ్యి. మా ఇంజన్ గూడ కొట్టుకుంటరు."

"ఇస్త అక్కా, ఇయ్యనంటినా? కని ఒక్క హ్యాండిలుకు రెండు పడవలాయె. రేవు రేవుకు ఇంజన్ ఆపుడే, కొట్టుడే. బావ నా పక్కపొంటే రావాలె. ఇడిసి పోతె నడవది. తాడు లేకుంటనే కట్టేసుకున్నట్టు!" మళ్ళీ నవ్వులు.

మామ చుక్కాని వదిలి పడవ దిగబోయాడు. ఆయన దిగితే మా పడవ కదలదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఆ తెగువ, జెండా పక్కకు పెట్టి నీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి అరిచాను.

"చిన్నాయినా! నీ పడవల రెండో ఫంకా ఉన్నదా?"

సారయ్య మైకు దించాడు. "ఫంకానా? ఎందుకు బిడ్డా?"

"వచ్చేటప్పుడు రాళ్ళు తగుల్తయట గద. నీ ఫంకా రెక్క ఇరిగితె?"

ఆయన కండువా విప్పి తల గోక్కున్నాడు. చిన్నమ్మ వెనక నుంచి, "కొనుమని చెప్తె ఇన్నవా?" అంది, మైకు పక్కనే ఉంది కాబట్టి ఊరంతటికీ వినపడేలా.

"మా మామ దగ్గర ఉన్నది," అన్నాను. "తట్టల పెట్టినం. అడిగితె ఇస్తడు. ఇచ్చినంక మైకుల చెప్పడు గూడ."

ఈసారి నవ్వు అటు మళ్ళింది. భిక్షపతన్న డప్పు మీద రెండు దెబ్బలు వేశాడు. అందరికంటే గట్టిగా సారయ్యే నవ్వాడు. "బావా, బిడ్డ నన్ను పట్టేసింది. ఫంకా నీది, హ్యాండిల్ నాది. హెడ్డు నా దగ్గర ఒకటి ఉన్నది, ఇగ నీది నాది ఏంది? నువ్వు ఆ ఇనుప దిమ్మె మోసుడెందుకు? వరుసకు నాకు బిడ్డాయె. నా బిడ్డను ఒడ్డుకు నిలబెట్టి, పెట్టెను పడవల తిప్పుతవా?"

మామ పడవ నడుమకు పోయి పెట్టె మూత తెరిచాడు. తిరుపతి సాయం పట్టబోతే వద్దన్నాడు. హెడ్డును తనే ఎత్తి, ఒడ్డున ఇసుకలో పెట్టాడు. తర్వాత జాకీ. లోపలి తట్టను తీసి చెక్కల మీద పెట్టి, ఖాళీ పెట్టెను కూడా ఒడ్డుకు చేర్చాడు. పెట్టె పోయిన చోట వెదురు తట్ట ఒక్కటే మిగిలింది. దాన్ని కొంచెం జరిపి, గోనె సంచి మడిచి వేసి, చేత్తో సాపు చేశాడు.

"ఎక్కు బిడ్డా. తట్టల పట్టింది."

నేను ఎట్లా ఎక్కానో నాకు తెలియదు. చెప్పులు ఒడ్డునే మర్చిపోయానని సాయంత్రం దాకా తెలియలేదు. సారయ్య హ్యాండిల్ అందించాడు, తిరుపతి తిప్పాడు, ఇంజన్ డగడగమని లేచింది, నా కింద చెక్కలన్నీ వణికాయి. ఆ వణుకు కాళ్ళలో నుంచి పళ్ళ దాకా ఎక్కింది. తిరుపతి హ్యాండిల్ తిరిగి సారయ్యకు విసిరాడు. ఆ ఇంజన్ కూడా లేచింది. ఒడ్డు మా నుంచి జరిగింది.

నడి గోదావరి చూడాలి! నీళ్ళకు ఒక రంగు కాదు. ఒక పాయ ఎర్రగా, ఒక పాయ పచ్చగా, రెండూ కలవకుండా పక్కపక్కనే పోతున్నాయి. ఒక కొంగ మా పడవతో పందెం వేసి గెలిచి వెళ్ళిపోయింది. నేను చెయ్యి నీళ్ళలో పెట్టాను, నీళ్ళు వేళ్ళను లాగాయి. తిరుపతి వైపు చూసి నవ్వాను. ఆయన ఇంజన్ చూడడం మానేసి నన్ను చూస్తున్నాడు.

"ముందు సూడురా పంతులు," అన్నాడు భిక్షపతన్న.

"మొదటి రేవు వచ్చెటాలకు అన్నం ఉడకాలె," అని అత్తమ్మ ఇసుక పోసిన ఇనుప బేసిన్లో పొయ్యి పెట్టి మంట వేసింది. "బియ్యం తియ్యి బిడ్డా."

దగ్గరి సంచి మూతి విప్పి, గిద్దె లోపలికి దించాను. ఠంగుమంది. చెయ్యి పెట్టి చూశాను. చల్లటి ఇనుము. వంకర తిరిగి, చివర చెక్క పిడి.

హ్యాండిల్.

రాత్రంతా కొట్టంలో తవుడు సంచి పక్కనే నిలబడి, పొద్దున పడవ ఎక్కిన బియ్యం సంచి ఇది. చీకటి పడ్డాక మామ చెయ్యి ఒక సంచి అవతల పడింది.

వెనక్కి తిరిగి చూశాను. మా ఊరు ఇంకా కనపడుతూనే ఉంది. రేవులో జనం, ఒడ్డున నల్లగా ఆ హెడ్డు కూడా. మామకు ఇప్పుడు హ్యాండిల్ కనపడితే చుక్కాని మళ్ళుతుంది. హెడ్డు ఎక్కుతుంది. నేను దిగుతాను. అత్తమ్మ మోచెయ్యి పట్టుకొని సంచిలోకి చూపించాను.

అత్తమ్మ చూసింది. మామ వీపు దిక్కు ఒకసారి, పక్క పడవలో పాటకు తలాడిస్తున్న తమ్ముడి దిక్కు ఒకసారి చూసింది. పొయ్యిలో కట్టె ఎగదోసినంత మామూలుగా సంచిలో చెయ్యి పెట్టి, హ్యాండిల్ను ఇంకా లోపలికి తోసి, మీద బియ్యం సర్ది, మూతి బిగించి కట్టింది.

"ఈ సంచి ఆఖరుకు ఇప్పుదం," అంది. "ఆ సంచి తియ్యి."

"మామకు?"

"చెప్తం. ఏటూరునాగారం రానీ. తమ్ముడు, ఈయన ఒక్క పూట పక్కపొంటి కూసోని ఎన్నేండ్లయిందో నీకేమెరుక? జర ఎసరు సూడు."

నేను ఎసరు చూశాను. నవ్వు ఆపుకోవడానికి పొగను చూసి దగ్గినట్టు దగ్గాను. రెండో సంచి బియ్యం కడిగి గంజులో పోశాను. పక్క పడవలో చిన్నమ్మ పప్పు పొయ్యి మీద పెట్టింది. రెండు పడవల పొగ కలిసి ఒక్కటే వెనక్కి పోయింది.

అన్నం వార్చేసరికి మొదటి రేవు వచ్చింది. ఒడ్డున ఆడవాళ్ళు విస్తరాకులు పట్టుకొని, మొగవాళ్ళు నడుముల దాకా నీళ్ళలో దిగి, "జై తెలంగాణ" అంటుంటే అడవి తిరిగి అంటోంది. ఇంజన్లు ఆగాయి. డప్పు మొదలైంది. ఇసుకలో వరుసగా కూర్చొని, మేము తెచ్చిన అన్నంలో వాళ్ళు తెచ్చిన చేపల పులుసు పోసుకొని తిన్నాం. ఒక ముసలవ్వ నా గడ్డం పట్టుకొని, "కొత్త కోడలివా? పడవల మీద తిప్పుతుండ్రా? అదృష్టవంతురాలివి," అంది.

మళ్ళీ పడవలు ఎక్కాం. ఈసారి ముందు సారయ్య ఇంజన్ లేచింది. హ్యాండిల్ గాలిలో మెరుస్తూ మా వైపు వచ్చింది. మామ చుక్కాని వదిలి, లేచి, చిన్న పిల్లాడిలా రెండు చేతులా పట్టుకున్నాడు.

"జర నిమ్మళంగ ఇసురు బామ్మర్దీ! నీళ్ళల్ల పడితె ఇద్దరం ఈదుకుంట పోవాలె!"

"పడితె నీ కోడలు ఇంకో ఉపాయం చెప్తది లే బావా!"

మామ నవ్వాడు. పెళ్ళినాడు కూడా ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. అత్తమ్మ నా వైపు చూడకుండా రెండో పూటకు ఉల్లిగడ్డలు ముందు పెట్టింది. నేను కత్తిపీట అందుకొని, వచ్చే రేవు పేరేమిటని తిరుపతిని అరిచి అడిగాను.